గుంట ఓనమాల నుంచి కార్డుల నిచ్చెన దాకా: ఒకటో తరగతి చరిత్ర



ఇచ్ఛాపూర్ అనగానే మనలో చాలామందికి శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం గుర్తుకు వస్తుంది. ఈ పాఠంలో మనం చెప్పుకోబోయేది ఆ ఊరు కాదు. ఈ ఇచ్ఛాపూర్ గుజరాత్‌లో, సూరత్ నగరానికి పడమటి దిక్కున, హజీరా వెళ్లే దారిలో ఉంది. హజీరా ప్రాంతంలో సహజవాయువును శుద్ధిచేసే కర్మాగారం, ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం, ఓడరేవు ఉన్నాయి. ఇచ్ఛాపూర్‌లో వజ్రాభరణాల పరిశ్రమకు ప్రత్యేకంగా ఒక పార్కును ఏర్పాటు చేశారు. పని ఎక్కడ ఉంటే మనుషులు అక్కడికి చేరతారు. వాళ్లతోపాటు వాళ్ల పిల్లలూ వస్తారు. ఆ పిల్లలకు ఆరేళ్లు నిండగానే ఒకటో తరగతిలో చేర్చాలి.

సూరత్‌కు తెలుగువారితో పాత సంబంధమే ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేతపని వచ్చిన కుటుంబాలు మరమగ్గాల పనికోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. అందువల్ల సూరత్ నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు బడులతోపాటు తెలుగు బడులను కూడా నడుపుతూ వచ్చింది. ఒకే నగరంలో ఏడు భాషలలో ప్రాథమిక బడులు ఉండటం మన దేశంలో అరుదైన విషయం.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. ఇటువంటి చోట ఒకటో తరగతి గదిలో ముప్పైమంది పిల్లలు కూర్చున్నారనుకోండి. వారి ఇళ్లలో నాలుగైదు భాషలు. కొందరు బడికి ముందు అంగన్‌వాడీకి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. కొందరు పండుగకు సొంత ఊరికి వెళ్లి నెల తరువాత తిరిగి వస్తారు. వీరందరికీ ఒకే రోజున, ఒకే పాఠం, ఒకే విధంగా చెబితే ఏమవుతుంది? అలా కాకుండా ఒక్కొక్కరికి తగినట్లు చెప్పాలంటే ఒక్క ఉపాధ్యాయురాలికి సాధ్యమా?

ఈ ప్రశ్న ఇవాళ పుట్టింది కాదు. చదువు 'అందరికీ' అందాలి, 'ఒక్కొక్కరికీ' అందాలి. ఈ రెండు కోరికల మధ్య జరిగిన పెనుగులాటే ఒకటో తరగతి చరిత్ర. రెండు వందల ఏళ్ల ఆ చరిత్రలో ఆంధ్రదేశానికి, గుజరాత్‌కు పెద్ద పాత్రే ఉంది. దానిని వరుసగా చూద్దాం.

ఇసుకలో మొదటి అక్షరం

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నింటిలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన జవాబులలో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మనకు చాలా విలువైనది. ఆనాటి బళ్లారి జిల్లా చాలా పెద్దది. నేటి అనంతపురం ప్రాంతం కూడా 1882 వరకు అందులోనిదే. అంటే ఆ నివేదికలో కనబడేది మన వీధిబడే.

కాంప్‌బెల్ వివరించిన క్రమం ఇది. పిల్లవాడికి అయిదో ఏడు రాగానే అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలుస్తారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. అయ్యవారు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడు. ఇదే మనం నేటికీ చేసుకునే అక్షరాభ్యాసం. మరునాటి నుంచి బడి.

బడి ఉదయం ఆరింటికే మొదలవుతుంది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. బద్ధకస్తులను రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసే శిక్ష కూడా ఉండేదని ఆయన రాశాడు. మన పెద్దలు 'కోదండం వేయడం' అని చెప్పుకున్న శిక్ష ఇదే. పాతకాలపు బడిని తలచుకునేటప్పుడు దీనిని మరచిపోకూడదు.

ఇక చదువు. కొత్తగా చేరిన పిల్లవాడు మొదట నేలమీద పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. వీటినే మనం 'గుంట ఓనమాలు' అంటాం. ఐరోపాలో పిల్లలు ముందు అక్షరాల పేర్లను పైకి పలికి నేర్చుకుంటే, ఇక్కడ రాస్తూనే నేర్చుకుంటున్నారని కాంప్‌బెల్ ప్రత్యేకంగా గమనించాడు. వేలు తిరిగాక తాటాకుమీద గంటంతో గాని, కాగితంమీద రెల్లుకలంతో గాని, కడితంమీద బలపంతో గాని రాసే అర్హత వస్తుంది. కడితం ఆ రోజులలో పలకలా ఉపయోగపడేది.

ఇసుకలో రాయడం వల్ల లాభం ఏమిటో శాస్త్రదృష్టితో ఆలోచించండి. ఇసుక ఖర్చులేనిది. తప్పు రాస్తే అరచేత్తో ఒక్కసారి చదును చేయవచ్చు, కాబట్టి తప్పు గురించి భయం ఉండదు. అక్షరం ఆకారాన్ని కన్ను చూస్తుంది, వేలు తాకుతుంది, చెయ్యి తిరుగుతుంది. ఒకే విషయం మూడు దారులలో మెదడుకు చేరుతుంది. 1907లో రోము నగరంలో మరియా మాంటిస్సోరి పేదపిల్లల కోసం బడి తెరిచి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను వేలితో తడిమించడంలో ఉన్న సూత్రం కూడా ఇదే.

గుజరాత్‌లోనూ ఇటువంటి బడులే ఉండేవి. అక్కడ వాటిని 'ధూళీ నిశాళ్' అనేవారు. నిశాళ్ అంటే బడి. చెక్కపలక మీద ధూళి చల్లి, అందులో అంకెలూ అక్షరాలూ రాసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒకచోట నేలమీద ఇసుక, ఒకచోట పలకమీద ధూళి. పద్ధతి ఒక్కటే.

అంకెలు ఏం చెబుతున్నాయి?

కాంప్‌బెల్ నివేదికలోని అంకెలతో ఒక చిన్న లెక్క చేద్దాం. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో కన్నడం బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు బడులు. చదివేవారు మొత్తం 6,641 మంది.

6,641ని 533తో భాగించండి. సగటున బడికి 12 లేక 13 మంది. ఇప్పుడు వీధిబడి రహస్యం మనకు అర్థమవుతుంది. పన్నెండుమందే కాబట్టి అయ్యవారు ఒక్కొక్కరి వేలు పట్టుకుని దిద్దించగలిగాడు. బడిలో సాధారణంగా నాలుగు జట్లు ఉండేవని, పిల్లవాడు తన శక్తినీ ప్రగతినీ బట్టి ఒక జట్టు నుంచి మరొక జట్టుకు వెళ్లేవాడని నివేదిక చెబుతోంది. జూన్‌లో చేరి ఏప్రిల్‌లో అందరూ ఒకేసారి పై తరగతికి వెళ్లడం అనేది లేదు. చిన్న జట్లకు కొంత భాగం పెద్ద పిల్లలే చదువు చెప్పేవారు.

నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. 9,27,857 మందిలో 6,641 మంది అంటే వెయ్యిమందిలో ఏడుగురు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు ఎందరో తెలుసా? 60 మంది. అంటే వీధిబడి ఒక్కొక్కరినీ పట్టించుకున్నది నిజమే. ఆ 'ఒక్కొక్కరు' బహు కొద్దిమంది అన్నదీ నిజమే. ఈ రెండు నిజాలను కలిపి చూసినవారికే తరువాతి చరిత్ర అర్థమవుతుంది.

మద్రాసు నుంచి ఇంగ్లండుకు

ఈ నివేదికకు ముప్పై ఏళ్ల ముందే వీధిబడి పద్ధతి సముద్రం దాటింది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు దారిలో ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూశాడు. తన బడిలోనూ అలాగే చేయమంటే ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల విద్యార్థికి చిన్నపిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించే పని అప్పగించాడు. ఆ పిల్లవాడు ఆ పనిని చక్కగా చేశాడు. బెల్ 1796లో స్వదేశానికి తిరిగి వెళ్లి, మరుసటి ఏడాది ఈ ప్రయోగం గురించి పుస్తకం ప్రచురించాడు. 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ ఈ 'మద్రాసు పద్ధతి'లో ఇంగ్లండులో పేదల బడులను పెద్ద సంఖ్యలో నడిపింది. జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇటువంటి పద్ధతినే మరొక పక్క నుంచి ప్రచారం చేశాడు.

అయితే అక్కడ ఒక మార్పు జరిగింది. వీధిబడిలో పన్నెండుమంది ఉంటే, ఇంగ్లండులోని ఈ బడులలో ఒక్క హాలులో వందలమందిని కూర్చోబెట్టారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పడం అనే పద్ధతి తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పే యంత్రంలా మారింది. పద్ధతి ప్రయాణం చేసింది గాని, దానిలోని దగ్గరితనం ప్రయాణం చేయలేదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. ఇటువంటిది చరిత్రలో మళ్లీ కనబడుతుంది.

'తరగతి' ఎలా పుట్టింది?

మన దేశంలో 19వ శతాబ్ది మధ్యనుంచి రెండు కొత్తవి వచ్చాయి. మొదటిది అచ్చుపుస్తకం. 1832లో పుదూరి సీతారామశాస్త్రి బాలశిక్షను రచించారు. తరువాత పెద్దబాలశిక్షగా పెరిగి తరతరాల తెలుగువారికి తొలిపుస్తకమైంది ఇదే. రెండోది ఇన్‌స్పెక్టరు. 1862లో ఇంగ్లండులో 'ఫలితాన్ని బట్టి గ్రాంటు' అనే విధానం అమలులోకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి బడికి వచ్చి చదవడం, రాయడం, లెక్కలలో పిల్లలను పరీక్షిస్తాడు. నిర్ణయించిన స్టాండర్డును ఎంతమంది అందుకుంటే అంత సొమ్ము బడికి దక్కుతుంది. కొద్దికాలంలోనే మద్రాసు రాష్ట్రంలోని వీధిబడులనూ ఈ విధానంలోకి తెచ్చారు.

ఈ విధానంలో మంచి లేకపోలేదు. ప్రభుత్వసొమ్ము వీధిబడులకు చేరింది, బడుల సంఖ్య పెరిగింది. కాని అయ్యవారి దృష్టి పిల్లవాడినుంచి పరీక్షకు మళ్లింది. పిల్లవాడు ఎంతవరకు వచ్చాడు అన్న ప్రశ్న పోయి, పుస్తకం ఎంతవరకు వచ్చింది అన్న ప్రశ్న వచ్చింది. వేగంగా నేర్చేవాడూ, మెల్లగా నేర్చేవాడూ ఒకే బల్లమీద ఒకే పేజీ తెరవవలసి వచ్చింది. 'అందరికీ' అన్న కోరిక గెలుస్తూ ఉంటే 'ఒక్కొక్కరికీ' అన్నది ఓడిపోవడం మొదలైంది.

ఈ చరిత్ర మాటలలో కూడా మిగిలి ఉంది. గుజరాతీలో తరగతిని 'ధోరణ్' అంటారు. దానికి ప్రమాణం, అంటే స్టాండర్డు అని అర్థం. 'పహేలుం ధోరణ్' అన్నప్పుడల్లా ఆ పాత ఇన్‌స్పెక్టరు ప్రమాణం తెలియకుండానే పలుకుతున్నామన్నమాట.

ఇంటిభాష ప్రశ్న

కాంప్‌బెల్ తన నివేదికలో మరొక లోపం చూపించాడు. పిల్లలు కంఠస్థం చేసే గ్రంథాల భాష వేరు, వారు ఇంట్లో మాట్లాడే భాష వేరు. అందువల్ల పిల్లలు చదవగలరు గాని అర్థం చెప్పలేరు. ఈ లోపం అచ్చుపుస్తకాలతో కూడా పోలేదు, ఎందుకంటే పాఠ్యపుస్తకాలు గ్రాంథికభాషలో ఉండేవి.

దీనిని ఎదుర్కొన్నవారు గిడుగు వేంకట రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ అక్కడి కొండలలోని సవరల భాషను నేర్చుకున్నారు. సవర పిల్లలకోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. అక్షరమంటే ఏమిటో తెలియని పిల్లవాడికి అక్షరమూ కొత్తదై, భాషా కొత్తదైతే రెండు బరువులు ఒక్కసారి మోయవలసి వస్తుందని ఆయన పని మనకు చూపిస్తుంది. 1906-07 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్స్ కూడా బడిలో చెప్పే తెలుగు, జనం మాట్లాడే తెలుగు వేరువేరుగా ఎందుకున్నాయని ప్రశ్నించడంతో వ్యావహారిక భాషోద్యమానికి ఊపు వచ్చింది. ఈనాడు మీరు ఈ పాఠాన్ని సులభంగా చదవగలుగుతున్నారంటే ఆ ఉద్యమమే కారణం. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

భావనగర్‌లో ఒక వకీలు

ఇప్పుడు గుజరాత్‌కు వెళదాం. సూరత్‌కు ఎదురుగా, ఖంభాత్ సింధుశాఖకు ఆవలి ఒడ్డున భావనగర్ ఉంది. గిజుభాయి బధేకా (1885-1939) వృత్తిరీత్యా వకీలు. కొడుకు పుట్టాక పిల్లల చదువు గురించి ఆలోచించడం మొదలుపెట్టి, మాంటిస్సోరి రచనలు చదివి, వకీలు పని మానేశారు. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరం ప్రారంభించారు.

ఆ బాలమందిరంలో దెబ్బ లేదు, భయం లేదు. కథ, పాట, నాటకం, తోటపని, మట్టిపని అన్నీ చదువే. మాంటిస్సోరి పరికరాలు ఖరీదైనవి కాబట్టి చుట్టుపక్కల దొరికే వస్తువులను వాడుకున్నారు. మాంటిస్సోరి కథలకు పెద్దగా చోటివ్వలేదు. గిజుభాయి మాత్రం మన దేశపు కథలను చదువుకు ముఖ్యద్వారంగా చేసుకున్నారు. ఆయన రాసిన 'దివాస్వప్న'లో ఒక ఉపాధ్యాయుడు మామూలు బడిలో నాలుగో తరగతి తీసుకుని కథలతో, ఆటలతో ప్రయోగం చేస్తాడు. ఈ పుస్తకం 'పగటి కల'గా తెలుగు పాఠకులకూ పరిచయమే.

ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో గుజరాత్ సరిహద్దుకు దగ్గరలోని బోర్డీ గ్రామంలో పేదపిల్లలకోసం బాలవాడి ప్రారంభించారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల ముంగిటికి వెళ్లాలన్నది ఆమె పద్ధతి. ముంగిలిని హిందీ, మరాఠీ భాషలలో 'ఆంగన్' అంటారు. 1975లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన శిశు అభివృద్ధి పథకంలో 'అంగన్‌వాడీ' పేరు దేశమంతటికీ పాకింది.

గిజుభాయి 'ఒక్కొక్కరికీ' అన్నదానిని తిరిగి తెచ్చారు. కాని బాలమందిరాలు కొద్దిచోట్లే ఉన్నాయి. అయిదు తరగతులకు ఒక్కరో ఇద్దరో టీచర్లున్న ప్రభుత్వ బడిలో ఇది ఎలా సాధ్యం?

ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జవాబు

ఈ ప్రశ్నకు 1980లలో మన రాష్ట్రం నుంచి రెండు జవాబులు వచ్చాయి.

మొదటిది ప్రభుత్వం చేసిన ప్రయత్నం. 1984లో బ్రిటన్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకం ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. ఉపాధ్యాయుడు తానే కృత్యాలు తయారుచేయడం, చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి అంతా కలిసి పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలను ఉపయోగించుకోవడం, పిల్లలు చేసినవాటితో గదిని అలంకరించడం. గోడకు గోడకు మధ్య తీగ కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీయడం, చింతపిక్కలతో కూడికలు, చీపురుపుల్లల కట్టలతో పదులు-ఒకట్లు నేర్పడం ఇటువంటి కృత్యాలే. కొన్నిచోట్ల ఇది తీగలకూ చప్పట్లకూ పరిమితమైంది. కొన్నిచోట్ల పిల్లలు నిజంగా నేర్చుకున్నారు. తేడా ఎక్కడంటే, కృత్యం ముగిశాక "ఏం చూశావు? ఎందుకలా అయింది?" అని టీచరు అడిగిందా లేదా అన్నదానిలో.

రెండోది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో మొదలైంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాసంస్థకు చుట్టూ పేదపల్లెలు. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం తరఫున వై. ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరినుంచి ఏకోపాధ్యాయ బడులు నడిపి, 'పెట్టెలో బడి' అనే పద్ధతిని రూపొందించారు.

దాని పనితీరు ఇలా ఉంటుంది. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న మెట్లుగా విడదీస్తారు. ఆ మెట్ల వరుసను ఒక నిచ్చెన బొమ్మగా గోడకు తగిలిస్తారు. ఒక్కొక్క మెట్టుకు కొన్ని కార్డులు ఉంటాయి. కొన్ని కొత్త విషయం నేర్పేవి, కొన్ని అభ్యాసానికి, కొన్ని పరీక్షించుకోవడానికి, వెనుకబడితే మళ్లీ నేర్చుకోవడానికి కొన్ని, ముందుకెళితే మరికొంత తెలుసుకోవడానికి కొన్ని. ప్రతి కార్డుమీదా ఒక బొమ్మగుర్తు. ఇంకా చదవడం రాని పిల్లవాడు కూడా గుర్తును చూసి తన కార్డు తానే తీసుకోగలడు.

ఇందులో ముఖ్యమైన విషయం ఒకటుంది. వేరుశనగ పీకే రోజులలో బడి మానిన పిల్లవాడు నెల తరువాత వస్తే, మామూలు తరగతిలో పుస్తకం ఇరవై పేజీలు ముందుకు పోయి ఉంటుంది. ఇక్కడ అతని మెట్టు అతనికోసం ఆగి ఉంటుంది. ఎక్కడ ఆపాడో అక్కడే మొదలుపెడతాడు. వీధిబడిలో పన్నెండుమందికి అయ్యవారి జ్ఞాపకం చేసిన పనిని ఇక్కడ నిచ్చెన చేస్తోంది.

నిచ్చెన గుజరాత్ చేరింది

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాకు చెందిన ఉపాధ్యాయులు రిషివ్యాలీ పద్ధతిని చూసి, యునిసెఫ్ సహాయంతో 'నలి-కలి' ప్రారంభించారు. ఆడుతూ నేర్చుకో అని దాని అర్థం. 2003లో చెన్నై నగరపాలక బడులు ఈ పద్ధతిని చేపట్టాయి. 2007 నాటికి తమిళనాడు అంతటా విస్తరించింది. 2010 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వం సుమారు 250 బడులలో 1, 2 తరగతులకు 'ప్రజ్ఞా' పేరుతో దీనిని ప్రారంభించింది. 'ప్రవృత్తి ద్వారా జ్ఞాన్', అంటే కృత్యం ద్వారా జ్ఞానం అన్న మాటలకు అది సంక్షిప్తరూపం.

తొలిరోజులలో ప్రజ్ఞా గదిని ఊహించుకోండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు కలిసి నేలమీద చాపలపై కూర్చున్నారు. గోడకు నిచ్చెన. అరలలో ట్రేలు, ట్రేలలో కార్డులు. పిల్లలు ఆరు జట్లు. ఒక జట్టు టీచరుతో, మరొకటి కొంతవరకే టీచరుతో, మూడోది తోటివాళ్లతో, నాలుగోది కొంతవరకే తోటివాళ్లతో, అయిదోది ఎవరికి వారుగా పనిచేస్తుంది. ఆరో జట్టు తాను నేర్చినది పరీక్షించుకుంటుంది. ఈ జట్లు స్థిరమైనవి కావు. కార్డునుబట్టి పిల్లవాడు జట్టు మారతాడు. పెద్దపిల్ల చిన్నపిల్లకు చూపించడం మళ్లీ వచ్చింది. బళ్లారి వీధిబడి చూసినవాడెవడైనా ఈ గదిలోకి వస్తే కోదండం కోసం వెదికి, అది లేనందుకు సంతోషించి, మిగిలినదాన్ని వెంటనే గుర్తుపట్టేవాడు.

అయితే మద్రాసు పద్ధతి ఇంగ్లండు వెళ్లినప్పుడు జరిగిన ప్రమాదం ఇక్కడా ఉంది. కొద్ది పల్లెలలో, టీచర్లే స్వయంగా రాసుకున్న కార్డులు ఒకటి. వేల బడులకు ఒకేచోట అచ్చయి వచ్చే కార్డులు మరొకటి. కార్డు పోతే మెట్టు విరిగినట్లే. కార్డు పూర్తిచేయడమే లక్ష్యమైతే పిల్లవాడు ఇన్‌స్పెక్టరు నుంచి తప్పించుకుని నిచ్చెనకు చిక్కినట్లవుతుంది. టీచరుతో మాట, కథ, ప్రశ్న తగ్గిపోతాయి. అందుకే ఈ పద్ధతులను అన్ని రాష్ట్రాలూ కాలక్రమంలో మారుస్తూ వచ్చాయి.

మిగిలిన మెట్టు

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు ఉండాలన్నది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్నది. 2020 జాతీయ విద్యావిధానం, వీలున్నచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటిభాష ఉండాలని చెప్పింది. 2021లో ఒకటో తరగతిలో చేరే పిల్లలకోసం మూడు నెలల ఆటపాటల కార్యక్రమాన్ని 'విద్యాప్రవేశ్' పేరుతో రూపొందించారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. పిల్లవాడి చేతికి పని ఇవ్వడం మనకు గుంట ఓనమాల నాటినుంచి తెలుసు. పిల్లవాడి వేగాన్ని గౌరవించడం రిషివ్యాలీ నేర్పింది, గుజరాత్ అందుకుంది. మూడోది ఇంటిభాష. సూరత్ ఏడు భాషల బడులతో దానికి ఒక జవాబు ఇచ్చింది. కాని తెలుగు బడి ఉన్న పేట ఒకటి, తల్లిదండ్రులకు పని దొరికే చోటు మరొకటి కావచ్చు. అక్కడి జీవనానికి గుజరాతీ అవసరమని తల్లిదండ్రులు అనుకుంటే అది కాదనలేని మాట. అప్పుడు తెలుగు ఇంటి పిల్ల గుజరాతీ ఒకటో తరగతిలో కూర్చుంటుంది. మొదటి ఏడాది ఆ పిల్ల మౌనంగా ఉంటే, మందబుద్ధి అని ముద్ర వేయడం చాలా తేలిక. చదువు మానేసే దారి చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. కాని ఆ పిల్లకు లెక్క రాకపోవడం వేరు, లెక్క చెప్పే భాష రాకపోవడం వేరు. ఈ రెండింటి తేడా టీచరుకు తెలిస్తే, "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే, ఆ పిల్ల నోరు విప్పుతుంది. అయిదు చింతపిక్కలు తెలుగులో అయిదు, గుజరాతీలో పాంచ్. పిక్కలు మాత్రం అవే.

చదువును అందరికీ చేర్చడంలో మన దేశం రెండు వందల ఏళ్లలో చాలా దూరం వచ్చింది. వెయ్యికి ఏడుగురు అన్న స్థితినుంచి దాదాపు ప్రతి పిల్లా బడి గడప తొక్కే స్థితికి వచ్చాం. గడప దాటాక ఒక్కొక్కరికీ తన మెట్టు, తన మాట దొరికేటట్లు చూడటం మిగిలిన పని. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులవుతారు, అందరూ తల్లిదండ్రులో, ఇరుగుపొరుగో అవుతారు. ఆ పని మీది.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లోని పెద్దలను వారు అక్షరాలు ఎలా నేర్చుకున్నారో అడగండి. ఇసుక, పలక, నోటుపుస్తకం వీటిలో ఏది మొదట వచ్చింది? మూడు తరాల జవాబులను పట్టికగా రాయండి.

2. మీకు తెలియని ఒక లిపిలో, ఉదాహరణకు గుజరాతీలో, అయిదు అక్షరాలను చూసి మాత్రమే నేర్చుకోండి. మరో అయిదింటిని ఇసుకలో వేలితో దిద్ది నేర్చుకోండి. మూడు రోజుల తరువాత ఏవి ఎక్కువ గుర్తున్నాయో పోల్చండి.

3. మీ ఊరి ప్రాథమిక బడిలో ఒకటో తరగతి పిల్లల ఇళ్లలో ఎన్ని భాషలు మాట్లాడతారో టీచరు అనుమతితో తెలుసుకోండి. అంకెలను ఆ భాషలన్నింటిలో రాసి ఒక గోడపటం తయారుచేసి ఆ బడికి ఇవ్వండి.